రాళ్లు ఎక్కించకుండా పంపిన బండి

మదనపల్లెలో ముప్పై ఏండ్లకు పైగా ఇంజన్ల ట్యూనింగ్ చేశాను. మొదట్లో కార్బురేటర్లు, తర్వాత డీజిలు పంపులు, చివరి పది పన్నెండేండ్లు లాప్‌టాప్ తగిలించి ఇంజను కంప్యూటరులో లెక్కలు మార్చడం. పోయిన ఏడు షాపు మూసేశాను. మా చర్చి సంఘంలోని యువకులు ఇద్దరు ముగ్గురు ఈ పనిలోకి వస్తామని, ఏ లాప్‌టాప్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేరు మంచిది అని అడిగారు. అవి ఎవరైనా చెబుతారు. నేను చెప్పవలసింది వేరే ఉంది. చెబితే మీకు పని మీద ఆశ పోతుందేమోనని ఇన్నాళ్లూ వెనకాడాను.

ఈ పని నిండా భయమే. బండి మన షాపులో ఉన్నంతసేపు భయం లేదు. తాళం కస్టమరు చేతిలో పెట్టిన క్షణం నుంచి మొదలవుతుంది. మనం చేసిన పని మనకు కనపడని రోడ్డు మీద, మనకు తెలియని మనుషులను ఎక్కించుకుని పోతూ ఉంటుంది. ఫోను మోగితే గుండె ఒకసారి ఆగుతుంది. అది ఏసీ పని చేయడం లేదన్న ఫోనే కావచ్చు. అయినా ఆగుతుంది. భయం లేకుండా ఈ పని చేసేవాళ్లను నేను చూశాను. వాళ్ల దగ్గరికి నా బండి పంపను.

పికప్ లేదంటారు

కస్టమరు వచ్చి చెప్పేది ఒకే మాట, పికప్ లేదని. పుంగనూరు నుంచి రెడ్డెప్ప అనే బట్టల కొట్టాయన అట్లానే వచ్చాడు. కారు కొని రెండేండ్లు కాలేదు. వెనక సీట్లో ఆయన భార్య కూర్చుని ఉంది.

"పికప్ బొత్తిగా లేదప్పా. పవరు పెంచల్ల."

"ఎప్పట్నించి లేదు?"

"మొన్న పెండ్లికి పోయినప్పట్నించి."

"పెండ్లికి పోతే పికప్ యాల పోతాది?"

వెనక నుంచి ఆమె అందుకుంది. "మా తమ్ముడు ఓవర్‌టేక్ చేసినాడు లేప్పా. ఆపొద్దునించి ఈ మనిషికి బండిలో జబ్బు కనపడతాండాది."

"నువ్వు గమ్మునుండు," అన్నాడు రెడ్డెప్ప.

ఎయిర్ ఫిల్టరు తీసి చూస్తే దాంట్లో పుంగనూరు దుమ్మంతా ఉంది. మార్చి పంపాను. "ఇంతేనా?" అన్నాడు, డాక్టరు సూది వేయకుండా పంపినట్టు మొహం పెట్టి. పవరు పెంచనన్నందుకు నాలుగు మాటలు కూడా అన్నాడు. పడ్డాను.

అప్పటి నుంచి ప్రతి కస్టమరునూ మూడు సంగతులు అడిగేవాణ్ణి. బండిలో ఎవరెవరు కూర్చుంటారు, ఏ రోడ్డు మీద పోతారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు. ఇవి అడగకుండా లాప్‌టాప్ తెరవద్దు.

గంగులప్ప మేస్త్రి రాళ్లు

నాకు పని నేర్పిన మేస్త్రి గంగులప్ప. నోటి దురుసు మనిషి. కోపం వస్తే చేతిలో ఏముంటే అది విసిరేవాడు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంజను ముట్టుకున్న ఏ బండినీ ఉత్తగా తోలి చూసి పంపడు. టమేటా మార్కెట్లో పాతబడిన ప్లాస్టిక్ క్రేట్లను తెచ్చి, వాటిలో కంకర రాళ్లు నింపి పెట్టుకున్నాడు. బండిలో ఎంతమంది కూర్చుంటారో అంత బరువుకు క్రేట్లు ఎక్కించి, పక్కన కస్టమరునే కూర్చోబెట్టుకుని, హార్స్లీ హిల్స్ కింది నుంచి పైదాకా ఎక్కిస్తాడు. పైన దిగి, బానెట్టు తీసి, వాసన చూసి, అప్పుడు తాళం ఇస్తాడు.

షాపు నా చేతికి వచ్చాక రాళ్లూ నాకే వచ్చాయి. కంప్యూటర్ల కాలంలో ఆ పరీక్షకు ఇంకో పని కలిసింది. ఇంజను మరీ వేడెక్కితే కంప్యూటరు తనంతట తానే డీజిలు తగ్గించి ఇంజనును కాపాడుకుంటుంది. పరీక్షలో వేడి నిజంగా ఎంత దూరం పోతుందో చూడాలని నేను ఆ కాపుదల హద్దును పైకి జరిపేవాణ్ణి. కొండపైన బండి ఆపి, లాప్‌టాప్ ఒడిలో పెట్టుకుని, హద్దును మళ్లీ దాని చోటికి దించేవాణ్ణి. కొండ ఎక్కడం, హద్దు దించడం నాకు ఒకే పని అయిపోయింది. విడివిడిగా ఎప్పుడూ తలచుకోలేదు. నేను పడిన గుంట అదే.

బానెట్టు మీద చెయ్యి

నేను విశ్వాసిని. బైబిలు వాక్యం చదవకుండా షట్టరు ఎత్తేవాణ్ణి కాదు. బండి ఇచ్చే ముందు బానెట్టు మీద చెయ్యి పెట్టి, ప్రయాణం చేసేవాళ్ల కోసం ప్రార్థించేవాణ్ణి. మొదట్లో లోలోపలే చేసుకునేవాణ్ణి. కస్టమర్లే పసిగట్టి అడగడం మొదలుపెట్టారు. నా కస్టమర్లు చాలామంది హిందువులు. చక్రం కింద నిమ్మకాయ వాళ్లు పెట్టేవాళ్లు, బానెట్టు మీద చెయ్యి నేను పెట్టేవాణ్ణి, ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

గంగులప్ప మేస్త్రికి కూడా ఉండేది కాదు. నేను ఆయన దగ్గర ఉన్న రోజుల్లో ఒకసారి చెయ్యి పెట్టి కండ్లు మూసుకుంటే వెనక నుంచి కేకేశాడు. "నీ దేవునికి చెప్పుకోరా, ఒద్దనను. ముందు రాళ్లెత్తు." అప్పుడు నాకు అది ఎగతాళిగా వినపడింది. ఆయనకు దేవుడంటే భయం లేదని సంఘంలో చెప్పుకున్నాను కూడా.

రానురాను నా పనికి కొండ, రాళ్ల కంటే చెయ్యి ఎక్కువ పేరు తెచ్చింది. "దేవదానమన్న చెయ్యి పెడితే బండి ఆగదు" అనేవాళ్లు. కాదని నేను చెప్పలేదు. వినడానికి బాగుండేది.

ఆ శుక్రవారం

గుడుపల్లె నుంచి మునెప్ప వచ్చాడు. నలభై దాటిన మనిషి. పాత ఏడు సీట్ల డీజిలు బండితో కుప్పం చుట్టుపక్కల ఊళ్ల రోగులను వేలూరు ఆస్పత్రులకు తీసుకుపోయి తెచ్చేవాడు. అదే అతని బతుకు. తిరుగు ప్రయాణంలో పేర్నంబట్టు దాటాక వి.కోటకు ఎక్కే ఘాటులో బండి లాగడం లేదన్నాడు.

"ఏసీ వేస్తే ఎక్కదు, ఆపితే లోపల రోగం మనిషి ఉడికిపోతాండాడు. ఆపొద్దు ఒకామె నన్ను తిట్టింది సూడు, ఇంగ జన్మలో మరిచిపోలేను."

పదిన్నరకు పని ముగిసింది. హద్దు పైకి జరిపి ఉంది. ఇక కొండకు పోవాలి. పదకొండుకు మా సంఘంలో ఉపవాస ప్రార్థన. ఆ రోజు నడిపించవలసిన పెద్దను నేను. కొండకు పోతే ఒంటి గంట అవుతుంది.

మునెప్పే అడిగాడు. "రాళ్లు ఎక్కించవా అన్నా? మా ఊరాయన బండికి ఎక్కించినావంట గదా."

"నీది చిన్న మార్పే మునెప్పా. ప్రార్థన చేస్తాను, పో."

"నాకూ అదే మంచిది. మా మరదలికి కడుపు ఆపరేషన్ అయ్యింది, ఈపొద్దు డిశ్చార్జి. ఈడ్నించి అట్లనే వేలూరు పోతాండా. నువ్వు చెయ్యి పెడితే చాలు."

చెయ్యి పెట్టాను. చాలా బాగా ప్రార్థించానని అనిపించింది కూడా. మునెప్ప కండ్లు తుడుచుకుని బండి ఎక్కాడు.

మధ్యాహ్నం రెండు దాటాక, సంఘంలో ఇంకా మోకాళ్ల మీద ఉండగా ఒక సహోదరుడు ప్రయాణాల్లో ఉన్నవారి కోసం ప్రార్థించడం మొదలుపెట్టాడు. ఆ మాటకు కొండ కనపడింది. కొండపైన ఒడిలో లాప్‌టాప్ కనపడింది. ఈ రోజు కొండ లేదు. కొండ లేదు కాబట్టి హద్దు దించలేదు. డీజిలు ఎక్కువ తాగే ఇంజను, కాపుదల లేకుండా, ఆపరేషనైన మనిషిని ఎక్కించుకుని సాయంత్రానికి ఘాటు ఎక్కుతుంది. ప్రార్థన మధ్యలో లేచాను. నా భార్య మేరి కండ్లు తెరిచి చూసింది. బయటికి పరుగెత్తాను.

స్విచ్చాఫ్

మునెప్ప ఫోను స్విచ్చాఫ్. అతని ఇంటికి చేశాను. భార్య చెన్నమ్మ ఎత్తింది.

"బండి తోలేటప్పుడు ఫోను ఆపేస్తాడప్పా. నేనే ఒట్టు పెట్టించినా. ఏమైనాది?"

"మీ చెల్లెలి దగ్గర ఫోను లేదా?"

"రాజమ్మ ఫోను ఈడనే ఉండాది. ఆపరేషనప్పుడు నాకిచ్చేసింది. మా అమ్మ ఉండాది ఆడ, ఆమెకు ఫోను లేదు. ఏమైనాదో చెప్పప్పా."

"ఏం కాలేదమ్మా. మునెప్ప ఫోను చేస్తే, ఘాటు ఎక్కొద్దని చెప్పు. నేను వచ్చేదాకా కిందనే ఆగమను."

నా కారు తీశాను. పుంగనూరు దాటేటప్పటికి ఏడెనిమిదిసార్లు చేసి ఉంటాను. స్విచ్చాఫ్. పలమనేరులో రోడ్డు పక్కన ఆపి మళ్లీ చెన్నమ్మకు చేశాను. ఆమె ఏడుస్తోంది.

"ఇప్పుడే చేసినాడప్పా. బయల్దేరినాం అన్నాడు. నీ మాట చెప్పేలోగానే ఆపేసినాడు. తిరిగి చేస్తే తగల్లేదు."

"ఏ దోవన వస్తాడు?"

"పేర్నంబట్టు మీదనే. దగ్గర గదా."

దారంతా ప్రార్థించాననే చెప్పాలి. కానీ ఆ ప్రార్థనలో మాటలు లేవు. ఏమని అడగాలి? నేను చేయవలసిన పనిని పొద్దున దేవుని మీదికి తోసేసి వచ్చాను. దేవుణ్ణి శోధించకూడదని, ఆయనకు పరీక్ష పెట్టకూడదని ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. శోధించడమంటే బైబిల్లో ఉన్నట్టు దేవాలయ గోపురం మీద నుంచి దూకడం లాంటి పెద్ద పని అనుకునేవాణ్ణి. పదకొండు గంటల మీటింగుకు ఆలస్యమవుతుందని రాళ్లు ఎత్తకపోవడం కూడా అదేనని వి.కోట దాటుతుంటే అర్థమైంది.

ఘాటులో

పైన ఆగి చూద్దామా, కిందికి దిగుదామా అనుకున్నాను. ఆగలేకపోయాను. నాలుగు మలుపులు దిగేటప్పటికి కనపడింది. బానెట్టు తెరిచి ఉంది. ఆవిరి లేస్తోంది. ఇంజను ఆగిపోయి, బ్రేకు గట్టిపడి తొక్కినా పట్టక, బండి వెనక్కి జారి, పక్కనున్న రాతి గోడకు ఆనుకుని నిలిచింది. ఆ గోడ మలుపు పొడవునా లేదు. ఇంకో మూడు బారలు కింద ఉంటే గోడ లేదు, లోయే.

రాజమ్మ రోడ్డు పక్క తువ్వాల మీద కూర్చుని రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని ఉంది. తల్లి కొంగుతో విసురుతోంది. మునెప్ప నన్ను చూసి పరుగెత్తి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పు నాదే అన్నా. వేడి ముల్లు ఎర్రగీతకు పోయింది, చూసినా. దేవదానమన్న చెయ్యి పెట్టినాడు, ఏం కాదులే అని ఇంగా మూడు మలుపులు లాగినా. వాసన వచ్చి ఆపబోయేలోగా ఇంజనే ఆగిపోయింది. నీ చెయ్యి పడిన బండికి ఇట్లా అయ్యిందంటే నేనే ఏదో పాపం చేసింటా."

నిజం చెప్పాలి గదా ఇక్కడ. ఆ క్షణం ఊరుకోవాలనిపించింది. నేను ఊరుకుంటే సరిపోతుంది. అతనే తప్పు ఒప్పుకుంటున్నాడు. నా పేరు నిలుస్తుంది, బాగుచేసి ఇస్తే ఇంకా పెద్ద పేరు వస్తుంది. అబద్ధం చెప్పే పని కూడా లేదు.

"నీ పాపం కాదు మునెప్పా," అన్నాను. హద్దు సంగతి చెప్పాను. కొండకు పోకపోవడం చెప్పాను. మీటింగుకు ఆలస్యమవుతుందని పోలేదని కూడా చెప్పాను.

అతను నా చేతులు వదిలేశాడు. బండి వైపు చూశాడు, లోయ వైపు చూశాడు. "అడిగినా గదన్నా. రాళ్లు ఎక్కించవా అని నోరు తెరిచి అడిగినా గదా."

"అడిగినావు."

రోడ్డు పక్క నుంచి రాజమ్మ గొంతు వచ్చింది. "బావా, తప్పెవరిదో ఇంటికాడ తేల్చుకోండి. నాకు కుట్లు లాగతాండాయి. ముందు ఆ కార్లో పండుకోనీండి నన్ను."

నా కారు వెనక సీట్లో తల్లి ఒళ్లో తలపెట్టి ఆమెను పడుకోబెట్టి, గుంతలు తప్పించుకుంటూ గుడుపల్లెకు చేర్చాను. మునెప్ప ముందు సీట్లో కూర్చున్నాడు. రాజమ్మ మూలిగినప్పుడల్లా నా వైపు చూసేవాడు. తిట్టినా బాగుండేది. కుట్లు తెగలేదని దారిలో కుప్పంలో డాక్టరు చెప్పాక గానీ నాకు ఊపిరి సరిగా ఆడలేదు.

కస్టమరు సీటు

ఆదివారం సంఘంలో లేచి జరిగింది చెప్పాను. గోడకు ఆనుకుని బండి నిలిచిందన్న మాట దగ్గరికి రాగానే అందరూ స్తోత్రం అన్నారు. వాళ్లకు అది దేవుని మేలు చెప్పుకునే సాక్ష్యంలా వినపడింది. గోడ దయ దేవునిదే, దానికి నేనూ స్తోత్రం చెప్పాను. "కానీ నేను లేచింది సాక్ష్యం చెప్పడానికి కాదు. తప్పు ఒప్పుకోవడానికి," అన్నాను. కొందరికి అది నచ్చలేదు. విశ్వాసం తగ్గిందా అని ఒక పెద్దమనిషి బయట అడిగాడు. తగ్గలేదు. నా పని ఏదో, దేవుని పని ఏదో వేరుచేసుకోవడం అప్పటికి వచ్చింది, అంతే.

మునెప్ప తన బండిని నా షాపుకు పంపనన్నాడు. కుప్పంలో వేరే మేస్త్రి దగ్గర ఇంజను కట్టించుకుంటానన్నాడు. ఖర్చు నేను పెట్టుకున్నాను, అది చెప్పుకోదగ్గ సంగతి కాదు. అతనికి రాకపోకలు ఆగకూడదు. ప్రతి మంగళవారం వేలూరు చూపించుకోవలసిన పెద్దవాళ్లు ఇద్దరు అతని మీదే ఆధారపడి ఉన్నారు. "నా కారు నేను తోలుతాను, నువ్వు పక్కన కూర్చో," అన్నాను. చాలాసేపు ఆలోచించి సరేనన్నాడు.

ఐదు మంగళవారాలు తోలాను. మీరు ఈ పని నేర్చుకోవాలంటే అట్లాంటి ఐదు మంగళవారాలు కావాలి. వెంకటప్ప అని డెబ్బై దాటిన ముసలాయన నా వెనకనే కూర్చునేవాడు.

"ఏమప్పా, ఇంజన్లు బాగుచేసే ఆయన గేరు యాల ఇట్లా ఏస్తాండాడు?" అని మునెప్పను అడిగేవాడు.

"ఆయనకు లోపల ఉండేది తెలుసు తాతా. బయట ఉండేది తెలీదు," అనేవాడు మునెప్ప, నా వైపు చూడకుండా.

"ఆయన గేరు మార్చినప్పుడల్లా నా నడుముకు తెలుస్తాండాది."

మూడో వారం ఘాటులో, ముసలాయనకు ఉడకగా ఉంటుందని ఏసీ వేశాను. "అది ఆపప్పా, నాకు తల తిరగతాండాది. అద్దం దించు, గాలి రానీ. నిదానంగా పో. నాకేం పెండ్లి ముహూర్తమా?" అన్నాడు. మునెప్ప నవ్వాడు. ఆ శుక్రవారం తర్వాత అతను నవ్వడం నేను చూసింది అప్పుడే.

నవ్వాక నాకు ఇంకో భయం పట్టుకుంది. బండిలో ఎవరు కూర్చుంటారని అడగడం నాకు తెలుసు. వాళ్లకేం కావాలో వాళ్లనే అడగడం తెలియదు. ఎవరో ఒకామె తిట్టిందని మునెప్ప పవరు కావాలన్నాడు, నేను ఇచ్చాను. ఇంకా ఎన్ని బండ్లకు ఇట్లా ఇచ్చానో. ఇంటికి పోయి లాప్‌టాప్‌లో పాత బండ్ల ఫైళ్లన్నీ తెరిచి ఒక్కొక్క హద్దూ చూశాను. అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. మళ్లీ చూశాను. ఆ అలవాటు షాపు మూసేదాకా పోలేదు. మీకు రాకపోతే తెచ్చుకోండి.

ఆరో మంగళవారానికి మునెప్ప బండి సిద్ధమైంది. "ఇంగ నేను తోలుకుంటాలే అన్నా," అన్నాడు. ఇంజనును కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లానే ఉంచమని ఆ మేస్త్రికి చెప్పాడట. సరేనని తలూపాను గానీ ఇంట్లో నిలవలేకపోయాను. మధ్యాహ్నం బయల్దేరి, పేర్నంబట్టులో కాచుకుని, అతని బండి కనపడగానే వెనక పడ్డాను. రెండో గేరులో, నడిచే మనిషి కంటే కాస్త వేగంగా ఎక్కుతోంది. వెనక లారీలు హారను కొడుతున్నాయి. అద్దాలన్నీ దించి ఉన్నాయి. వెంకటప్ప చెయ్యి బయటికి పెట్టి లారీలను ముందుకు పొమ్మని ఊపుతున్నాడు. ప్రతి మలుపులో పొగ వస్తుందేమోనని, బ్రేకు లైటు వెలుగుతుందేమోనని స్టీరింగు మీదికి వంగి చూస్తూనే ఉన్నాను.

పైకి చేరాక మునెప్ప పక్కకు ఆపాడు. దిగి నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"యాల ఎంబడి వస్తాండావన్నా?"

"భయమేసింది మునెప్పా."

అతని మొహంలో కోపం లేదు. పాత ప్రేమ కూడా లేదు. 

"ముల్లు నేను చూసుకుంటాండా," అన్నాడు. "నువ్వు ఇంటికి పో."

అతను బండి తీశాడు. నేను అక్కడే నిలబడి వాళ్ల కోసం ప్రార్థించాను. కండ్లు మూసుకోవడానికి మనసు ఒప్పలేదు. ఆ బండి వి.కోట మలుపు తిరిగేదాకా తెరుచుకునే ప్రార్థించాను.